యూఎస్‌బీ మైకులో మాట మధ్యమధ్యలో తెగిపోతుంటే ఏం చేయాలి?

యూఎస్‌బీ మైకుతోనో, మామూలు మైకును కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌తోనో రికార్డు చేస్తున్నప్పుడు మాట తెగినా, టప్‌టప్‌మని చప్పుడు వచ్చినా చాలామంది వెంటనే డ్రైవర్లు మార్చడం మొదలుపెడతారు. అంతకంటే ముందు ఆ పరికరం తన కనెక్షన్‌ను ఇంకా వేటితో పంచుకుంటోందో చూడాలి. హార్డ్ డిస్కుకు వెళ్లే ఫైలులో ఒక ముక్క చెడిపోతే కంప్యూటరు దాన్ని మళ్లీ పంపిస్తుంది. ధ్వనికి ఆ వెసులుబాటు లేదు, సమయానికి అందని ముక్క ఇక పోయినట్టే.

మొదట మైకు, కీబోర్డు, మౌస్ తప్ప తక్కినవన్నీ తీసేసి ఐదు నిమిషాలు రికార్డు చేయండి. తెగడం ఆగిపోతే ఒక్కొక్క పరికరాన్నే తిరిగి తగిలిస్తూ, ప్రతిసారీ విని చూడండి. హార్డ్ డిస్కును ఊరికే తగిలించి ఉంచితే దోషం బయటపడకపోవచ్చు కాబట్టి, పెద్ద ఫైలు కాపీ అవుతుండగా పరీక్షించాలి. వెబ్‌క్యామ్‌ను కూడా వీడియో నడుస్తుండగానే చూడాలి.

మైకు హబ్‌లో (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే పెట్టెలో) ఉంటే దాన్ని నేరుగా కంప్యూటరు పోర్టుకు మార్చండి. యూఎస్‌బీ 2.0 హబ్‌కు ఎన్ని పోర్టులున్నా, సెకనుకు 480 మెగాబిట్ల ఒక్క కనెక్షన్‌నే అవన్నీ పంచుకోవాలి. విడిగా అడాప్టర్ లేని హబ్ అయితే 500 మిల్లీయాంపియర్ల కరెంటునూ పంచుకోవాలి. కంప్యూటరుకున్న వేర్వేరు పోర్టులు కూడా లోపల ఒకే కంట్రోలర్‌కు, అంటే పోర్టులను నడిపించే చిప్‌కు, చేరుతుండవచ్చు. విండోస్‌లో డివైజ్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో డివైజెస్ బై కనెక్షన్ ఎంచుకుంటే ఏ పరికరం ఏ కంట్రోలర్ కింద ఉందో వరుసగా కనిపిస్తుంది. మైకును, హార్డ్ డిస్కును వేర్వేరు కంట్రోలర్ల కిందికి వచ్చేలా పోర్టులు మార్చడమే నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి పరిష్కారం. రెండో కంట్రోలర్ లేని డెస్క్‌టాప్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ యూఎస్‌బీ కార్డు వేయించుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో మాత్రం రికార్డింగ్ సాగినంతసేపూ కాపీ పనులు ఆపుకోవడమే మేలు.

వైర్‌లెస్ హెడ్‌సెట్ అయితే కారణం వేరుగా ఉండవచ్చు. యూఎస్‌బీ 3.0 డిస్కులు, కేబుళ్లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రేడియో రొద పుట్టిస్తాయి. హెడ్‌సెట్ కోసం కంప్యూటరుకు తగిలించే చిన్న రిసీవర్లు, అంటే డాంగిళ్లు, చాలావరకు వాడేది కూడా ఆ పరిధినే. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను డిస్కుకు దూరంగా జరిపితే చాలాసార్లు ధ్వని కుదుటపడుతుంది.

అప్పటికీ తెగుతుంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో, వాడకంలో లేని పరికరాలను నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపివేయండి. రికార్డింగ్ సెట్టింగుల్లో బఫర్‌ను, అంటే ధ్వనిని కాసేపు పోగుచేసి ఉంచే చోటును, పెంచడం చివరి మార్గం. సెకనుకు 48,000 శాంపిళ్లు (ధ్వని కొలతలు) తీసే 48 కిలోహెర్ట్జ్ వద్ద 128 శాంపిళ్ల బఫర్ 2.7 మిల్లీసెకన్లకు సమానమైతే, 512 శాంపిళ్లది 10.7 మిల్లీసెకన్లు అవుతుంది. మాటల రికార్డింగ్‌కు ఇది అడ్డు కాదు గానీ, హెడ్‌ఫోన్లలో తన గొంతు తాను వింటూ పాడేవారికి ఆ ఆలస్యం తెలుస్తుంది.