హిప్ హాప్ రీమిక్స్ ఆల్బమ్ మీద అభిప్రాయం చెప్పే ముందు ఎలా వినాలి

హిప్ హాప్ రీమిక్స్ ఆల్బమ్ ఒకటి వచ్చిందంటే మొదటి గంటలోనే రెండు మాటలు వినపడతాయి. ‘ఒరిజినలే బాగుంది’ అని కొందరు, ‘దీని ముందు ఒరిజినల్ ఏం పనికొస్తుంది’ అని ఇంకొందరు. రెండిట్లో ఏది విన్నా ఆ ఆల్బమ్ గురించి నాకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఏ పాటలో, ఎక్కడ, ఏం మారింది, అది మారడం వల్ల పాట వేరేగా ఎందుకు తగిలింది అని చెప్తే మాత్రం నేను వెంటనే వెళ్లి ఆ పాట మళ్లీ వింటాను. అలా చెప్పాలంటే వినడంలోనే కొంచెం ఓపిక పెట్టాలి. నేను చాలా ఏళ్లుగా ఈ ఆల్బమ్స్ వింటున్నాను, ఎలా వింటానో చెప్తాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

ముందు అది ఏ రకం రీమిక్సో తెలుసుకోండి, ఎందుకంటే అన్నిటినీ ఒకే కొలతతో కొలిస్తే అన్యాయం జరుగుతుంది. ఆర్టిస్టులే తమ పాటలు తీసి వేరేవాళ్ల చేతికి ఇచ్చి చేయించుకునేవి ఒక రకం. లింకిన్ పార్క్ అనే రాక్ బ్యాండ్ 2000లో తెచ్చిన హైబ్రిడ్ థియరీ ఆల్బమ్ తీసుకుని 2002 జులైలో రీయానిమేషన్ తెచ్చింది చూడండి, అది ఈ రకం. బ్యాండ్ సభ్యుడు మైక్ షినోడా దగ్గరుండి నడిపించాడు, ఆల్కెమిస్ట్, ఎవిడెన్స్ లాంటి హిప్ హాప్ ప్రొడ్యూసర్లు (పాటకు సంగీతం కట్టేవాళ్లు) పాటలు మళ్లీ కట్టారు, బ్లాక్ థాట్, ఫారో మాంచ్, చాలీ టూనా లాంటి ర్యాపర్లు కొత్త వెర్సులు (ర్యాప్ చరణాలు) రాసి పాడారు. ఇలాంటి వాటిలో స్టూడియో ట్రాకులన్నీ చేతిలోనే ఉంటాయి కాబట్టి వాయిస్ సరిగ్గా కూర్చోకపోతే మెటీరియల్ దొరకలేదు అనే సాకు ఒప్పుకోనక్కర్లేదు.

బయటి ప్రొడ్యూసర్ ఒక్కడే కూర్చుని, చేతికి దొరికిన అకాపెల్లా (సంగీతం లేని ఒట్టి గొంతు) మీద తన బీట్ కట్టేది ఇంకో రకం. జే జీ అనే ర్యాపర్ 2003లో ద బ్లాక్ ఆల్బమ్ తెచ్చాక అందులో వాయిస్ ట్రాకులు విడిగా కూడా వచ్చాయి. వాటిని తీసుకుని డేంజర్ మౌస్ అనే ప్రొడ్యూసర్ 2004లో ద గ్రే ఆల్బమ్ చేశాడు, కింద ఉన్న సంగీతమంతా 1968 నాటి బీటిల్స్ వైట్ ఆల్బమ్ నుంచి ముక్కలు ముక్కలుగా కోసి తెచ్చుకున్నదే. అనుమతి లేదని బీటిల్స్ రికార్డుల కంపెనీ ఈఎంఐ నోటీసులు పంపడం, దానికి నిరసనగా 2004 ఫిబ్రవరి 24న చాలా వెబ్‌సైట్లు ఆ ఆల్బమ్‌ను ఒక రోజంతా జనానికి అందుబాటులో పెట్టడం ఒక పెద్ద కథ, కానీ ఆ కథ వల్ల ఆల్బమ్ బాగున్నట్టు కాదు, బాగోలేనట్టూ కాదు. అభిప్రాయం రాసేటప్పుడు ఈ గొడవ గురించి నాలుగు పేరాలు రాసి పాటల గురించి రెండు వాక్యాలతో సరిపెట్టకండి.

మూడో రకం, వేగం తగ్గించి చేసేది. 1990లలో హ్యూస్టన్‌లో డీజే స్క్రూ మొదలుపెట్టిన పద్ధతి ఇది, రికార్డును నెమ్మదిగా తిప్పి, మాటలను అక్కడక్కడ కోసి, ఒకే ముక్కను రెండుసార్లు పలికించడం. దీన్ని విని ‘ఎందుకింత స్లోగా ఉంది’ అని అడగకూడదు, స్లోగా ఉండటమే అక్కడ కళ. మరీ స్లో అయ్యాక ఏం కొత్తగా వినపడింది అన్నదే ప్రశ్న.

రకం తెలిశాక ఒరిజినల్ దగ్గరికి వెళ్లండి. చాలామంది ‘నాకు ఆ ఆల్బమ్ బాగా తెలుసు’ అని ఈ పని వదిలేస్తారు, నేనూ ఒకప్పుడు అంతే. పాట తెలియడం వేరు, పాటలో వాయిస్ ఎక్కడ కూర్చుందో తెలియడం వేరు. ఒక్కో పాటకు ఒకే ఒక్క లైను రాసుకోండి, డ్రమ్స్ ముందుకొస్తున్నాయా, ర్యాపర్ బీట్ కంటే కొంచెం వెనక పడుతున్నాడా, హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) వచ్చినప్పుడు ఏం పెరుగుతోంది, అంతే. ఇంకో సంగతి, రీమిక్స్ ఆల్బమ్‌లో ఉన్న ప్రతి పాటా ఒరిజినల్ ఆల్బమ్‌లో ఉండాలని లేదు. రీయానిమేషన్‌లో హై వోల్టేజ్, మై డిసెంబర్ అనే రెండు పాటల రీమిక్సులు ఉన్నాయి, అవి హైబ్రిడ్ థియరీ మామూలు ఎడిషన్‌లో లేవు, వెతికి వినాలి. పైగా రీయానిమేషన్‌లో పాటల పేర్లు చాలావరకు అచ్చులు తీసేసి, గుర్తులు పెట్టి విరగ్గొట్టినవి, ఏది దేని రీమిక్సో మొదట్లో పోల్చుకోవడమే కష్టం, ఓ కాగితం మీద జతలు రాసి పెట్టుకుంటే పని తేలిక.

తర్వాత ఒక రోజు ఆగండి. నిజంగా ఆగండి. ఒరిజినల్ ఇంకా చెవిలో మోగుతుండగానే రీమిక్స్ పెడితే మీరు వినేది రీమిక్స్‌ను కాదు, దానిలో లేనిదాన్ని. ప్రతి చోటా ‘ఇక్కడ గిటార్ రావాలి కదా’ అనిపిస్తుంది, రాలేదని చిరాకు వస్తుంది. మర్నాడు రీమిక్స్ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా, వరుస మార్చకుండా, ఒక్కసారి కూడా ఆపకుండా వినండి, ఏమీ రాసుకోవద్దు. విన్నాక ఏ మూడు చోట్లు గుర్తున్నాయో చూసుకోండి. నా అనుభవంలో ఆ మూడు చోట్లే చివరికి అభిప్రాయానికి వెన్నెముక అవుతాయి.

ఇక పక్కపక్కన పెట్టి వినడం. ఇక్కడ చెవి తేలిగ్గా మోసపోయే చోటు ఒకటుంది, సౌండ్ లెవెల్. రెండు పాటల్లో కొంచెం గట్టిగా మోగేది మన చెవికి మంచిదిగా అనిపిస్తుంది, నిండుగా, బేస్ ఎక్కువగా ఉన్నట్టు. రెండేళ్ల తేడాలో వచ్చిన రెండు ఆల్బమ్స్‌కే లెవెల్ వేరేగా ఉండొచ్చు, ఇక ఇంట్లో కూర్చుని చేసిన రీమిక్స్ సంగతి చెప్పనక్కర్లేదు. మీ స్ట్రీమింగ్ యాప్‌లో వాల్యూమ్ సమానం చేసే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి, లేదా చేత్తోనే సర్దుకోండి. ఈ ఒక్క పని చేశాక నేను ‘అదిరిపోయింది’ అనుకున్న రీమిక్సులు కొన్ని మామూలుగా మిగిలాయి.

లెవెల్ సరిచేశాక వాయిస్ మీద దృష్టి పెట్టండి. ర్యాప్ అంటే మాటలతో వాయించే డ్రమ్ లాంటిది, అది ఏ వేగంలో రికార్డ్ అయిందో ఆ వేగానికి కట్టుబడి ఉంటుంది. 90 బీపీఎమ్‌లో (నిమిషానికి 90 దెబ్బల వేగంలో) చెప్పిన వెర్సును 100 బీపీఎమ్ బీట్ మీద పెట్టాలంటే పదకొండు శాతం వేగం పెంచాలి. పాత పద్ధతిలో రికార్డును వేగంగా తిప్పితే గొంతు కూడా పైకి పోతుంది, సుమారు ఆరు శాతం వేగానికి ఒక సెమీటోన్ (స్వరంలో చిన్న మెట్టు) చొప్పున, అంటే ఈ లెక్కన గొంతు దాదాపు రెండు మెట్లు ఎక్కుతుంది. సాఫ్ట్‌వేర్‌తో గొంతు మారకుండా వేగం మాత్రమే పెంచొచ్చు, కానీ ఎక్కువ లాగితే ‘స’, ‘ష’ శబ్దాలు చెదిరినట్టు, మాట చివర్లు అరిగిపోయినట్టు వినపడతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బీట్ ఆగి వాయిస్ ఒక్కటే మిగిలే క్షణం కోసం చూడండి, అక్కడ అన్నీ బయటపడతాయి. వాయిస్ చుట్టూ నీళ్లలోంచి వస్తున్నట్టు ఒక మెరుపు, వెనక ఎక్కడో పాత హై హ్యాట్ (డ్రమ్స్ సెట్లోని తాళాలు) నీడలా టిక్ టిక్‌మనడం ఉంటే ఆ వాయిస్‌ను పూర్తయిన పాటలోంచి సాఫ్ట్‌వేర్‌తో విడదీశారన్నమాట. అదేం నేరం కాదు. కానీ ఆ మచ్చలు కనపడకుండా ప్రొడ్యూసర్ బీట్ కట్టాడా, లేక పట్టించుకోకుండా వదిలేశాడా అన్నది తప్పకుండా చెప్పాల్సిన విషయం.

వేగం సరిపోయినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ర్యాపర్ ఊపిరి తీసుకునే చోట కొత్త బీట్‌లో ఏం జరుగుతోంది? ఒరిజినల్‌లో ఒక లైను ఆఖరి మాట స్నేర్ (డ్రమ్స్ పదునైన దెబ్బ) మీద పడి గుద్దినట్టు ఉంటే, రీమిక్స్‌లో ఆ మాట కింద ఖాళీ ఉందా, కొత్త దెబ్బ ఏదైనా ఉందా? మంచి ప్రొడ్యూసర్ వెర్సును కంఠస్థం చేసినంతగా విని ఉంటాడు, పంచ్ లైన్ వచ్చేసరికి డ్రమ్స్ తీసేసి మాటను ఒంటరిగా నిలబెడతాడు. అరకొరగా విన్నవాడు నాలుగు బార్ల లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే నాలుగు ఆవర్తాల ముక్క) పెట్టి చివరి దాకా తిప్పుతాడు, వాయిస్ దాని మీద ఎక్కి ఎటో పోతుంటుంది. ఒక్క వెర్సు అయ్యేలోపే తేడా తెలిసిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న, కొత్త బీట్ వల్ల పాత మాటలకు అర్థం ఏమైనా మారిందా అని. ద బ్లాక్ ఆల్బమ్‌లో డిసెంబర్ ఫోర్త్ అనే పాట ఉంది, అది జే జీ పుట్టినరోజు, పాట మధ్యలో వాళ్లమ్మ గ్లోరియా కార్టర్ కొడుకు పుట్టిన రోజు గురించి, చిన్నతనం గురించి తన గొంతుతో చెప్తుంది. ఒరిజినల్‌లో జస్ట్ బ్లేజ్ అనే ప్రొడ్యూసర్ కట్టిన బీట్ పెద్దగా, ఊరేగింపులా ఉంటుంది, ఒక గొప్ప మనిషి కథ మొదలవుతోంది అన్నట్టు. డేంజర్ మౌస్ దాని కింద బీటిల్స్ మదర్ నేచర్స్ సన్ గిటార్ పెట్టాడు. అదే అమ్మ, అవే మాటలు, కానీ ఇప్పుడు వంటింట్లో పక్కన కూర్చుని కొడుకు సంగతులు చెప్తున్నట్టు ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది, ఒరిజినల్ అన్నిసార్లు విన్నా ఆ అమ్మ మాటలను నేను అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. అదే ఆల్బమ్‌లో డర్ట్ ఆఫ్ యువర్ షోల్డర్ చూడండి, టింబలాండ్ కట్టిన సింథ్ బీట్ తీసేసి జూలియా అనే నెమ్మదైన పాట గిటార్‌ను చిన్న చిన్న ముక్కలుగా నరికి, ఆ ముక్కలతోనే తాళం కట్టాడు. అంత మెత్తటి పాటలో అంత గర్వం దాక్కుని ఉందని అనుకోం.

అలాగని ఆ ఆల్బమ్ మొత్తం నాకు ఒకేలా నచ్చలేదు. నైంటీ నైన్ ప్రాబ్లమ్స్ రీమిక్స్‌లో హెల్టర్ స్కెల్టర్ గిటార్లు వాడాడు, వినడానికి గట్టిగా ఉంటుంది, చాలామందికి ఇష్టం కూడా. కానీ రిక్ రూబిన్ చేసిన ఒరిజినల్ ముందే రాక్ గిటార్ దెబ్బల మీద నడిచే పాట, కాబట్టి ఒక రాక్ తీసి ఇంకో రాక్ పెట్టినట్టయింది, పైగా ఒరిజినల్‌లో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండే ఖాళీ, ఆ ఖాళీలో మాటలు మోగే తీరు, ఇక్కడ గిటార్ల కింద నలిగిపోయింది. చూడండి, నచ్చలేదని చెప్పడానికి కూడా నేను ఏం పోయిందో చెప్పాను. ఒప్పుకోనివాళ్లు అదే చోటుకి వెళ్లి విని నాతో వాదించొచ్చు.

కొత్త వెర్సులున్న రీమిక్స్ అయితే ఒకటే చూడండి, వచ్చిన ర్యాపర్ పాట దేని గురించో విని రాశాడా, లేక ఏ బీట్ మీదైనా అతికే పదహారు బార్లు తెచ్చి పెట్టి వెళ్లాడా. రీయానిమేషన్‌లో ఫర్‌గాటెన్ పాట రీమిక్స్‌ను ఆల్కెమిస్ట్ చేశాడు, అందులో చాలీ టూనా లోతైన గొంతు రాగానే పాట బరువు మారిపోతుంది, ఒరిజినల్‌లో అరుపుగా ఉన్న నిస్పృహ ఇక్కడ ఒక పెద్ద మనిషి నిదానంగా చెప్పే కథలా అవుతుంది. ఆ ఆల్బమ్‌లో నేను మొదట చూపించేది ఈ పాటే.

రాయడానికి కూర్చున్నప్పుడు అన్ని పాటల గురించీ రాయకండి. రెండు చాలు, ఒకటి బాగా కుదిరింది, ఒకటి కుదరనిది, మీ ఉద్దేశంలో. నిమిషం, సెకను వేసి చెప్పండి. ‘వైబ్ లేదు’, ‘సోల్ పోయింది’ అని రాయాలనిపించినప్పుడల్లా ఆగి, ఏ వాయిద్యం తీసేయడం వల్ల అలా అనిపించిందో వెతకండి, దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది, బేస్ లైన్ కావచ్చు, వెనకాల పాడే గొంతులు కావచ్చు. రెండిట్లో ఏది ముందు విన్నారో కూడా చెప్పండి, ఇది చాలామంది దాచేస్తారు. ముందు విన్నదే మన చెవికి ‘అసలుది’ అయిపోతుంది, తర్వాత వచ్చింది ఎంత బాగున్నా అతిథే. నేను రీయానిమేషన్ ముందు విన్నాను, అందుకే హైబ్రిడ్ థియరీలో కొన్ని పాటలు నాకు ఇప్పటికీ తొందరగా అయిపోయినట్టు అనిపిస్తాయి, చదివేవాళ్లకి ఈ సంగతి తెలిస్తే నా మాటలకు ఎంత విలువ ఇవ్వాలో వాళ్లే చూసుకుంటారు.

రాసింది వెంటనే బయటపెట్టకుండా వారం ఆగి ఇంకోసారి వినండి. రీయానిమేషన్ ఆల్బమ్లోని క్రాలింగ్ రీమిక్స్ నాకు మొదట్లో బోరు కొట్టింది. ఒరిజినల్‌లో పాట మొదలైన కాసేపటికే కోరస్ మీదికి వచ్చి పడుతుంది కదా, ఇక్కడ తీగ వాయిద్యాలతో నెమ్మదిగా, చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. ‘సాగదీశారు’ అని రాసుకున్నాను కూడా. వారం తర్వాత రాత్రి లైట్లు తీసేసి విన్నాను, ఆ ఎదురుచూడటం కోసమే పాట అలా కట్టారని అప్పుడు తెలిసింది, కోరస్ వచ్చేసరికి చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. రాసుకున్న ఆ ఒక్క మాట కొట్టేసి, నాకు మొదట ఏమనిపించిందో, తర్వాత ఏమనిపించిందో రెండూ రాశాను.