ధాన్యం బళ్లు రాకముందే కంప్యూటర్ డ్రైవర్లు చూసుకోండి

నరసన్నపేట, టెక్కలి వైపు కోతలు మొదలైతే మిల్లు గుమస్తాకు తల ఎత్తే తీరిక ఉండదు. కంప్యూటర్ మార్చాలనుకుంటే ఆలోపే మార్చండి. అక్టోబరు మనకు తుపానుల నెల కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. పాత మిషను నడుస్తుండగానే ఈ పని ముగించాలి.

ఖాతాల ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టేస్తే చాలదు. అందులో వచ్చేది లెక్కలే. వాటిని తెరిచే డేటాబేస్ డ్రైవర్ విండోస్‌లో విడిగా ఉంటుంది, కాపీతో రాదు. అందుకే కొత్త మిషనులో ‘ప్రొవైడర్ (అంటే ఆ డ్రైవర్) రిజిస్టర్ కాలేదు’ అనే సందేశం కనిపిస్తుంది. దాన్ని చూసి ఫైలు పాడైందనుకోకండి, రిపేరుకు దిగకండి. నాకు తెలిసిన ఒక మిల్లులో అలా దిగి, ఉన్న ఒక్క ప్రతినీ పోగొట్టుకున్నారు. ఆ బాధ చూశాకే ఇది రాస్తున్నాను.

ముందుగా పాత మిషనులో స్టార్ట్ దగ్గర ఓడీబీసీ (ODBC) అని వెతకండి, డేటాబేస్ డ్రైవర్ల జాబితా ఉండేది అందులోనే. 32-బిట్, 64-బిట్ అని (విండోస్‌లో, ప్రోగ్రాముల్లో ఉండే రెండు రకాలివి) రెండు కిటికీలు కనిపించవచ్చు. ఉన్నవన్నీ తెరిచి, అందులోని పేర్లను, డ్రైవర్లను ఫోనుతో ఫొటో తీసుకోండి. యూజర్ విభాగంలో ఉన్నది ఆ ఒక్క లాగిన్‌కే కనిపిస్తుంది. యజమాని, గుమస్తా వేరు వేరు లాగిన్లు వాడితే కొత్త మిషనులో సిస్టమ్ విభాగంలో పెట్టండి.

ఎక్కువమంది తడబడేది బిట్‌ల దగ్గరే. విండోస్ 64-బిట్ కదా అని 64-బిట్ డ్రైవర్ వేస్తారు. కానీ డ్రైవర్ జత కలవాల్సింది విండోస్‌తో కాదు, మీ ఖాతాల ప్రోగ్రాముతో. పాత ప్రోగ్రాములు చాలావరకు 32-బిట్‌వి, అవి 64-బిట్ డ్రైవర్‌ను ముట్టుకోలేవు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఉన్న ఖాతాల ఫైళ్లకు ఇంకో చిక్కుంది: మిషనులో 64-బిట్ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఉంటే, ఆ ఫైళ్లను తెరిచే డ్రైవర్ అయిన యాక్సెస్ ఇంజిన్‌ను 32-బిట్‌లో మామూలుగా ఎక్కనివ్వదు. బలవంతంగా ఎక్కించే చిట్కాల జోలికి పోకుండా, 32-బిట్ ఆఫీస్ వేయించుకోవడం మేలని నా అభిప్రాయం. డ్రైవర్‌ను తయారీదారు సైటు నుంచే తీసుకోండి. విడి ఫైళ్లు ఇచ్చే తెలియని సైట్లలో వైరస్ పొంచి ఉంటుంది.

అంతా అయ్యాక అసలు ఫైలుతో కాక, దాని నకలుతో ఒక కొనుగోలు నమోదు చేసి, రసీదు ప్రింటు తీసి, నిరుటి మొత్తాలను పాత మిషనుతో సరిపోల్చండి. అంకెలు కలిసేదాకా పాతదాన్ని అమ్మకండి, ఫార్మాట్ చేయించకండి.