వాగులు పొంగకముందే వాకీటాకీ సంగతి చూసుకోండి

మన దగ్గర వానలు జూన్‌లో మొదలైనా అసలు టెన్షన్ ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఉంటుంది. చెరువులు నిండి అలుగు పోస్తుంటాయి, దుందుభి (దీన్నే డిండి అనీ అంటారు), మూసీ ఒక్క రాత్రిలో లో లెవల్ వంతెనల మీదికి వచ్చేస్తాయి, జూరాల గేట్లెత్తితే గద్వాల దగ్గరి గుర్రంగడ్డకు రాకపోకలు బంద్. 2009 అక్టోబర్‌లో కృష్ణా, తుంగభద్ర కలిసి అలంపూర్‌ను ఏం చేశాయో ఆ వైపు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. సరిగ్గా అలాంటి రాత్రే కరెంటు పోతుంది. టవర్‌కు ఉన్న బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది, తర్వాత జనరేటర్‌కు డీజిల్ తెచ్చే బండికి దారి ఉండదు, ఎక్కడో కేబుల్ కూడా తెగుతుంది, ఇక ఫోన్ ఉన్నా లేనట్టే.

అందుకే ఈమధ్య చాలామంది వాకీటాకీలు కొందామా అని అడుగుతున్నారు. కొనొచ్చు. కానీ దాని నుంచి ఏం ఆశించాలో ముందు తేల్చుకోండి. వాకీటాకీతో 108కి ఫోన్ కలవదు, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కీ కలవదు. ఊళ్లో అంతా సిగ్నల్ పోయినా గుట్ట మీదో, రోడ్డు పక్క ఏదో ఒక డాబా మీదో ఒక్క గీత వస్తూనే ఉంటుంది చూడండి, వాగు అవతల బాయికాడ ఇరుక్కున్న మనిషి మాటను అక్కడ ఫోన్ పట్టుకుని నిలబడ్డవాడి దాకా చేర్చడమే దీని పని. అక్కడి నుంచి 112కో, జిల్లా కంట్రోల్ రూమ్ నంబర్ 1077కో అతను చేస్తాడు. కాల్ కలవకపోతే మెసేజ్ పెట్టాలి, కాల్ పోని చోట కూడా ఒక్కోసారి మెసేజ్ పోతుంది. అంటే మీకు కావాల్సింది యాభై కిలోమీటర్లు కొట్టే సెట్ కాదు, రెండు కిలోమీటర్లు నమ్మకంగా పలికే సెట్లు రెండో మూడో.

ఇప్పుడు కొనే సంగతి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చైనా సెట్లలో చాలావాటికి మన దేశంలో లైసెన్స్ కావాలి, ఆ మాట చాలాచోట్ల అమ్మేవాడు చెప్పడు. లైసెన్స్ లేకుండా మామూలు మనిషి వాడుకోగలిగినవి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లు. 2018 నిబంధనల్లో వీటికి మినహాయింపు ఇచ్చారు. సిటిజన్ బ్యాండ్ అని 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఇంకొకటి ఉంది కానీ దాని ఏరియల్ పొడుగు, చేతిలో పట్టుకుని తిరగడానికి ఇబ్బంది, మన అవసరానికి వదిలేయండి. డబ్బా మీద ఫ్రీక్వెన్సీ ఎంతో రాసి ఉందా, కేంద్రం ఇచ్చే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉందా, ఈ రెండూ చూడకుండా డబ్బులు కట్టొద్దు. ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్మేవాళ్లు ఈ వివరాలు చూపించి తీరాలని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు కూడా తెచ్చింది. "ఆపదలో ఎవడు అడుగుతాడులే" అనే మాట ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. అడగడం, అడగకపోవడం తర్వాతి సంగతి. లైసెన్స్ కావాల్సిన ఆ చైనా సెట్లు పోలీసుల, ఇతర శాఖల ఛానళ్ల మీదికి కూడా పోతాయి, మీరు తెలియక బటన్ నొక్కి పట్టుకుంటే అదే సమయంలో పడవ కోసం అడుగుతున్న కానిస్టేబుల్ మాట అవతలికి పోదు. నల్లమల లోపలికి, అంటే మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి వెళ్లేవాళ్లయితే లైసెన్స్ అక్కర్లేని సెట్ అయినా సరే, అటవీశాఖ వాళ్లను అడిగే తీసుకెళ్లండి.

డబ్బా మీద పది కిలోమీటర్లు అని ఉంటుంది. అది అబద్ధం కాదు, కానీ మీ ఊళ్లో నిజం కాదు. ఈ తరంగాలు దాదాపు కంటి చూపులాగే నేరుగా పోతాయి. నేల గుండ్రంగా ఉంటుంది కాబట్టి మీరు ఎంత ఎత్తులో ఉంటే అంత దూరం. లెక్క సులువే: ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని నాలుగుతో గుణిస్తే దాదాపుగా ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. మనిషి నోటి ఎత్తు మీటరున్నర అనుకుంటే ఐదు కిలోమీటర్లు, అవతలి మనిషివి ఐదు, కలిపి పది. డబ్బా మీది పది ఇలా వచ్చిందే, మధ్యలో ఇల్లు, చెట్టు, కట్ట, గుట్ట ఏమీ లేకపోతే. పదహారు మీటర్ల ఎత్తున్న డాబా మీదికి ఎక్కితే మీ ఒక్కరి వైపు నుంచే పదహారు కిలోమీటర్లు కనిపిస్తుంది, అయినా అర వాటు పవర్‌తో అంత దూరం పలకాలంటే మధ్యలో ఖాళీ ఉండాలి. ఊళ్లో ఇళ్ల మధ్య ఒక కిలోమీటర్ వచ్చినా సంతోషించాల్సిందే. నల్లగొండలో కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది, గుట్టకు ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడితే దూరం కొంచెమే అయినా రాయి అడ్డం. చెరువు కట్ట కింద పొలంలో నిలబడినవాడి మాట కట్ట అవతలికి సరిగా పోదు, కట్ట ఎక్కితే చాలు, పోతుంది. దట్టమైన బత్తాయి తోటలో, అదీ ఆకులన్నీ తడిసి ఉన్నప్పుడు, ఇంకాస్త తగ్గుతుంది. కాబట్టి వినిపించకపోతే అరవొద్దు, నాలుగడుగులు పక్కకు జరగండి, ఎత్తుకు ఎక్కండి. అరిస్తే మాట పగులుతుంది తప్ప దూరం పెరగదు.

ఎత్తు అన్నాను కాబట్టి ఇక్కడే చెప్పాలి, ఇది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. పిడుగులు పడుతున్నప్పుడు గుట్ట, నీళ్ల ట్యాంకు, డాబా ఏదీ ఎక్కొద్దు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించే దాకా లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటర్. ముప్పై సెకన్ల లోపు ఉంటే మీరు ఉన్న చోటు ప్రమాదమే, దిగి గట్టి ఇంట్లోకి పొండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ ఎక్కండి. ఒంటరి తాటిచెట్టు, చింతచెట్టు కింద నిలబడి మాట్లాడడం అంతకన్నా ప్రమాదం. ఫోన్ పనిచేస్తున్నప్పుడే దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక వస్తుంది.

సెట్ ఎవరి దగ్గర ఉండాలన్నది ఊరి రాజకీయం, కానీ వానల ముందే తేల్చుకోవాలి. సర్పంచ్‌కు ఇస్తే గౌరవంగా ఉంటుంది, ఆయన మాత్రం సగం రోజులు మండలంలోనో జిల్లా ఆఫీసుల్లోనో ఉంటాడు. నా లెక్కలో కిరాణా కొట్టు నడిపేవాళ్లో, పొద్దంతా ఇంటి దగ్గరుండే మహిళా సంఘం అక్కో నయం. ఎప్పుడు పిలిచినా పలికే మనిషి కావాలి, పెద్దమనిషి కాదు. రెండోది వాగు అవతల పొలాలున్న రైతుకో, జీవాలను మేపుకొచ్చే గొల్లన్నకో ఇవ్వండి, రెండు వాగుల మధ్య గొర్రెలతో ఇరుక్కునేది వాళ్లే. మూడోది ఉంటే కట్ట చూసే మనిషికి.

అందరి సెట్లలో ఛానల్ ఒకటే ఉండాలి, దాంతోపాటు ప్రైవసీ కోడ్ అనే చిన్న అంకె ఒకటి ఉంటుంది, అది కూడా ఒకటే ఉండాలి. సెట్లు మూగబోయాయని అనుకునే సందర్భాల్లో చాలావాటికి కారణం ఈ అంకె తేడానే. పేరు ప్రైవసీ అయినా అందులో రహస్యం ఏమీ లేదు, ఎవరైనా వినొచ్చు, ఇతరుల మాటలు మన సెట్లో వినిపించకుండా ఆపుతుంది అంతే. సున్నా పెట్టేసి గొడవ వదిలించుకోండి. ఛానల్ అంకెను సెట్ వెనక ప్లాస్టర్ అంటించి మార్కర్‌తో రాయండి. మాట వినగానే తనంతట తాను ఆన్ అయ్యే వాక్స్ అనే సౌకర్యాన్ని ఆపేయండి, వాన చప్పుడుకూ ట్రాక్టర్ మోతకూ కూడా అది ఆన్ అవుతుంది. మాట్లాడే బటన్ సీటు కింద నొక్కుకుపోతే ఆ ఒక్క సెట్ ఊరందరి నోరూ మూయించేస్తుంది, ట్రాక్టర్‌లో వెళ్లేటప్పుడు జేబులో కాదు, మెడలో తాడుకు వేసుకోండి.

మాట్లాడే పద్ధతి అరగంటలో వస్తుంది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి మాట పోదు, ఫోన్ అలవాటున్నవాళ్లకు ఇదే కష్టం. సెట్ నిటారుగా, నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో పట్టుకుని బటన్ నొక్కి, ఒక సెకను ఆగి మొదలుపెట్టాలి, ఆగకపోతే మొదటి మాట తెగిపోతుంది, ఆ మొదటి మాట చాలాసార్లు పేరే అవుతుంది. మనుషుల పేర్ల కన్నా చోటు పేర్లతో పిలుచుకోవడం మేలు, ఒకే పేరున్నవాళ్లు ప్రతి ఊళ్లో నలుగురుంటారు, పైగా సెట్ చేతులు మారుతుంది.

"బడి, బడి, ఇది కట్ట. ఇనబడుతుందా? ఓవర్."

"కట్ట, ఇది బడి. ఇనబడుతుంది అన్నా, చెప్పు. ఓవర్."

"పెద్ద తూము కాడ ఉన్న. ముగ్గురం ఉన్నం, మొగోళ్లు ఇద్దరు, ముసలమ్మ ఒకరు. దెబ్బలు లేవు. వాగు దాటొస్తలేదు. అన్నం, నీళ్లు కావాలె. ఓవర్."

ఎక్కడ, ఎంతమంది, ఎలా ఉన్నారు, ఏం కావాలి, ఇంతే. అవతలివాళ్లు దీన్ని తిరిగి చెప్పాలి, ముఖ్యంగా అంకెలు. పెన్సిల్‌తో టైమ్ వేసి రాసుకోవాలి, పెన్ను రాత తడిస్తే పోతుంది. మధ్యలో ఒకరు మాట అందించాల్సి వస్తే విన్నది విన్నట్టే అందించాలి, "ఏదో ఇబ్బందిలో ఉన్నారట" అని తన మాటల్లోకి మార్చకూడదు.

ఇంకొక సంగతి, దీన్ని నేను సెట్ల కన్నా ముఖ్యం అనుకుంటాను. వానాకాలం రాత్రుల్లో "కట్ట తెగిందట" అనే మాట ఒకటి పుడుతుంది, అది పుట్టాక ఊళ్లకు ఊళ్లు చీకట్లో పిల్లల్నెత్తుకుని పరుగులు పెడతాయి, ఆ పరుగులో కాలువలో పడేవాళ్లుంటారు. రేడియో చేతికొస్తే ఈ మాట ఇంకా వేగంగా పోతుంది. అందుకే చూసినది వేరు, విన్నది వేరు అని సెట్లో చెప్పే అలవాటు చేయండి. "నేను చూసిన, కట్ట అంచుకు రెండడుగుల కింద ఉన్నయి నీళ్లు, టైమ్ పదకొండున్నర" అంటే పనికొచ్చే మాట. అరగంటకు మళ్లీ చూసి అడుగున్నర అంటే అప్పుడు కదలాలో వద్దో నిర్ణయించుకోవచ్చు. విన్నది మాత్రమే అయితే ఎవరి నుంచి విన్నారో చెప్పాలి, ఎవరైనా వెళ్లి చూసే దాకా దాన్ని ముందుకు పంపకూడదు. అసలు తెగితే? వెంటనే చెప్పాలి, నిజమే, కానీ ఆ చెప్పేవాడు కట్ట మీద ఉన్నవాడే అయి ఉండాలి.

కరెంటు లేని మూడు రోజులకు లెక్క వేసుకోండి. మామూలు పెన్సిల్ సెల్స్‌తో కూడా నడిచే సెట్ దొరికితే అదే తీసుకోండి, కిరాణా కొట్టులో సెల్స్ ఎప్పుడూ ఉంటాయి. లిథియం బ్యాటరీ సెట్ అయితే బైక్‌కో ట్రాక్టర్‌కో పెట్టుకునే యూఎస్‌బీ చార్జర్‌తో ఎక్కుతుందో లేదో ఇప్పుడే చూడండి. వినడానికి బ్యాటరీ కొంచెమే, మాట్లాడడానికి చాలా అవుతుంది, కాబట్టి పొద్దస్తమానం కబుర్లు వద్దు. అందరూ ఆన్‌లో పెట్టుకోలేకపోతే ప్రతి గంటా కొట్టగానే ఐదు నిమిషాలు ఆన్ చేసి వినాలని ఒప్పందం చేసుకోండి, గడియారాలు కలుపుకోవడం మర్చిపోవద్దు. నీళ్లకు ఐపీ67 అని ఉన్న సెట్ మీటరు లోతులో అరగంట పడినా తట్టుకుంటుంది, ఐపీ54 చినుకుల వరకే. అది కూడా లేకపోతే జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, కవర్ మీది నుంచే మాట్లాడొచ్చు. సెట్ చేతిలో ఉంది కదా అని ధైర్యం చేసి వాగులో దిగొద్దు, వేగంగా పారే నీళ్లు అరడుగు ఉన్నా మనిషిని పడగొడతాయి.

ఇంకా ముందుకు పోవాలనుకునేవాళ్లకు హామ్ రేడియో, అంటే లైసెన్స్ తీసుకుని ఇష్టం కొద్దీ నడిపే అమెచ్యూర్ రేడియో ఉంది. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా టెలికాం శాఖ పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌లో పాసైతే వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్, అంటే రేడియోలో మిమ్మల్ని గుర్తుపట్టే పేరు, వస్తుంది. అప్పుడు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దగ్గర ఎక్కువ పవర్‌తో చట్టబద్ధంగా మాట్లాడొచ్చు. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ ఉంది. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చిన రోజు హామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ గారి బృందం హామ్ రేడియో కార్యక్రమం కోసం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది, అండమాన్ నుంచి బయటికి కబుర్లు ఆ రేడియోల మీద వెళ్లాయి. కాలేజీ పిల్లలకు ఇది మంచి పని, ఐటీఐ కుర్రాళ్లకు మరీ. ఊరికి ఒక్కరున్నా చాలు.

కొన్న వారంలోనే ఒక ఆదివారం ఊరంతా తిరగండి. ఒకరు బడి దగ్గర, ఒకరు నడుస్తూ, ప్రతి మలుపులో పిలిచి చూసుకోండి. కట్ట, గుడి, వాగు గట్టు, బాయిలు, తండా దారి, ఎక్కడ పలికింది, ఎక్కడ పలకలేదు అని చేత్తో గీసిన పటం మీద గుర్తులు పెట్టి బడి గోడకు ఒకటి, కిరాణా కొట్టులో ఒకటి అంటించండి. వీలైతే వాన పడుతున్న రోజు మళ్లీ ఒకసారి, చీకట్లో ఇంకోసారి. చీకట్లో బటన్ తడుముకోవడం పగటిలా ఉండదు. పక్కనే ఒక చిన్న ట్రాన్సిస్టర్ కూడా ఉంచుకోండి, ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ మీద వార్తలు వినొచ్చు, ఆ వార్తలకు ఫోన్ టవర్‌తో పని లేదు.

దసరా, దీపావళి దాటి వాగులు తగ్గాక సెట్లు వెనక్కి తీసుకుని పెన్సిల్ సెల్స్ బయటికి తీసేయండి, లోపలే ఉంచితే కారి రేకులు తుప్పు పట్టిస్తాయి. లిథియం బ్యాటరీని సగం చార్జింగ్‌తో, ఎండ తగలని చోట పెట్టి రెండు మూడు నెలలకోసారి చూడండి. మళ్లీ మృగశిర కార్తెకు సెల్స్ వేసి, ఛానల్ అంకె సరిచూసి ఎవరివి వాళ్లకు ఇవ్వండి.