సీలో స్ట్రింగులు కలపబోయే ముందు చూసుకోవాల్సినవి

పైథాన్‌లోనో జావాలోనో ప్లస్ గుర్తు పెడితే రెండు స్ట్రింగులు, అంటే అక్షరాల వరుసలు, కలిసిపోతాయి. ఫలితానికి ఎంత మెమరీ కావాలో, ఎక్కడ తేవాలో ఆ భాషే చూసుకుంటుంది. సీ ప్రోగ్రామింగ్ భాషలో ఆ బాధ్యత మొత్తం రాసేవాళ్లదే. పాత సీ కోడ్‌లో చేయి పెట్టబోతున్నా, చిన్న మైక్రోకంట్రోలర్ కోసం కొత్తగా రాయబోతున్నా, మొదటి లైను రాయకముందే రెండు ప్రశ్నలకు జవాబు ఉండాలి. బఫర్‌లో, అంటే ఫలితం కోసం పక్కన పెట్టిన మెమరీలో, ఎంత చోటుంది? సరిపోకపోతే ప్రోగ్రాం ఏం చేయాలి? మొదటి ప్రశ్న చాలామందే అడుగుతారు. రెండోది వదిలేస్తారు. నన్నడిగితే ఎక్కువ నష్టం రెండోదాన్ని వదిలేయడం వల్లే.

ముందు లెక్క సంగతి. సీలో స్ట్రింగ్ అంటే వరుసగా ఉన్న బైట్లు, వాటి చివర సున్నా విలువ ఉన్న ఒక బైటు. పొడవు ఎక్కడా రాసి ఉండదు, ఆ సున్నా తగిలేదాకా చూసుకుంటూ పోవడమే. స్ట్రింగును కొలిచే స్టర్‌లెన్ ఫంక్షన్ చెప్పే పొడవులో ఆ సున్నా లెక్కకు రాదు. అందుకే 5 బైట్ల స్ట్రింగ్‌కు 7 బైట్లది కలిపితే కావలసింది 12 కాదు, 13. ఈ ఒక్క బైటు తక్కువ పడిన ప్రోగ్రాం చాలా రోజులు బాగానే నడవొచ్చు. మెమరీ తెచ్చిచ్చే మాలోక్ ఫంక్షన్ చాలాసార్లు అడిగినదానికంటే కొన్ని బైట్లు ఎక్కువే ఇస్తుంది కాబట్టి తప్పు కప్పబడిపోతుంది. ఏదో ఒక రోజు పొడవు సరిగ్గా హద్దు మీద పడుతుంది, ప్రోగ్రాం సంబంధం లేని ఇంకో ఫంక్షన్‌లో కూలుతుంది. వెతికేవాళ్లకు అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

ఒక స్ట్రింగ్ చివర ఇంకోదాన్ని అతికించే స్టర్‌క్యాట్ ఫంక్షన్‌కు ఈ లెక్కలేవీ తెలియవు. దానికి ఇచ్చేది రెండు అడ్రస్‌లే, సైజు కాదు. మొదటి బఫర్‌లో ఇప్పటికే సరైన స్ట్రింగ్ ఉందనీ, కలపడానికి చోటుందనీ, రెండు స్ట్రింగులూ మెమరీలో ఒకదాని మీద ఒకటి పడి లేవనీ అది నమ్మేస్తుంది. మాలోక్ నుంచి అప్పుడే తెచ్చుకున్న మెమరీలో ఏముందో ఎవరికీ తెలియదు. దాని మీద నేరుగా స్టర్‌క్యాట్ పిలిస్తే అది ఆ చెత్తలో సున్నా కోసం వెతుకుతూ బఫర్ దాటిపోతుంది. మొదటి బైటులో సున్నా పెట్టి మొదలుపెట్టండి. కోట్ గుర్తుల మధ్య నేరుగా రాసిన స్ట్రింగ్‌కు దేన్నీ అతికించకండి. దాన్ని మార్చడానికి సీ భాష ప్రమాణం ఒప్పుకోదు, చాలా సిస్టమ్‌లలో అది చదవడానికి మాత్రమే వీలున్న మెమరీలో ఉంటుంది. ఒక స్ట్రింగ్‌ను దానికే కలపడమూ కుదరదు.

1988లో ఇంటర్నెట్‌ను కుదిపిన మోరిస్ వర్మ్ అనే, తనంతట తానే పాకే ప్రోగ్రాం వాడుకున్న దారుల్లో ఒకటి, యూజర్ల వివరాలు చెప్పే ఫింగర్ సర్వర్‌లోని 512 బైట్ల బఫర్. దాన్ని నింపిన, ఒక లైను చదివే గెట్స్ ఫంక్షన్‌ను 2011 సీ ప్రమాణం నుంచి తీసేశారు, స్టర్‌క్యాట్‌ను ఉంచారు. ఇందులో న్యాయం ఉంది. గెట్స్‌ను ఎంత జాగ్రత్తగా పిలిచినా లాభం లేదు, ఎదుటివాడు ఎంత పంపితే అంతా రాసేస్తుంది. స్టర్‌క్యాట్‌ను మాత్రం ముందే కొలుచుకున్నవాళ్లు భద్రంగానే వాడగలరు.

పేరు చూసి మోసపోయే చోట్లు

స్టర్‌క్యాట్ ప్రమాదమని విన్నవాళ్లు వెంటనే, హద్దుగా ఒక సంఖ్యను కూడా తీసుకునే స్టర్‌ఎన్‌క్యాట్ వైపు వెళ్తారు. చాలామంది కాలు జారేది అక్కడే. దాని మూడో విలువ బఫర్ సైజు కాదు, ఇంకా ఎన్ని బైట్లు అతికించవచ్చో చెప్పే సంఖ్య. అతికించాక ముగింపు సున్నాను దాని మీద అదనంగా పెడుతుంది. కాబట్టి అక్కడ ఇవ్వాల్సింది బఫర్ సైజులోంచి ఇప్పటికే ఉన్న పొడవు తీసేసి, మరో ఒకటి తీసేసిన సంఖ్య. నేరుగా సైజాఫ్ (బఫర్ మొత్తం సైజు చెప్పేది) పెట్టేస్తే స్టర్‌క్యాట్‌కూ దీనికీ పెద్ద తేడా ఉండదు. పాత కోడ్ చేతికి వస్తే ముందు ఈ పేరుతో వెతకండి, మూడో విలువ దగ్గర ఒంటరి సైజాఫ్ కనబడితే అది బగ్ అనే అనుకోవచ్చు.

సైజాఫ్‌తో మరో చిక్కు ఉంది. బఫర్‌గా వాడే అర్రే (బైట్ల వరుస) ఉన్న ఫంక్షన్‌లోనే అది అర్రే సైజు చెబుతుంది. అదే అర్రేను ఇంకో ఫంక్షన్‌కు పంపితే అక్కడికి చేరేది పాయింటర్, అంటే దాని అడ్రస్, మాత్రమే, 64 బిట్ సిస్టమ్‌లలో సైజాఫ్ 8 అంటుంది. పారామీటర్ దగ్గర చదరపు బ్రాకెట్లలో 256 అని రాసుకున్నా అంతే. బఫర్‌ను తీసుకునే ప్రతి ఫంక్షన్ పక్కనే దాని సైజును కూడా తీసుకోవాలి. దీనికి మినహాయింపు పెట్టుకోకండి.

స్ట్రింగ్‌ను కాపీ చేసే స్టర్‌ఎన్‌కాపీ ఇంకో రకం. మూలంలోని స్ట్రింగ్ పొడవు ఇచ్చిన సంఖ్యకు సమానమైనా, అంతకు మించినా అది ముగింపు సున్నా పెట్టదు. పొట్టిదైతే మిగిలినదంతా సున్నాలతో నింపుతుంది. పాత యునిక్స్ డైరెక్టరీల్లో ఫైలు పేరుకు సరిగ్గా 14 బైట్ల గడి ఉండేది. అలాంటి గడులు నింపడానికి ఈ పద్ధతి సరిపోయింది. స్ట్రింగులు కలిపే పనిలో మొదటి ముక్కను దీనితో కాపీ చేసి, రెండోదాన్ని స్టర్‌క్యాట్‌తో అతికిస్తే, సున్నా లేని బఫర్ మీద అతికించినట్టు అవుతుంది.

మరి ఏది వాడాలి? తక్కువ ముక్కలు కలపాలంటే, ఇచ్చిన నమూనా (ఫార్మాట్) ప్రకారం వాటిని బఫర్‌లో రాసే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ నా మొదటి ఎంపిక. 1999 సీ ప్రమాణం నుంచి ఉంది, బఫర్ మొత్తం సైజు తీసుకుంటుంది, సైజు సున్నా కానంతవరకు చివర సున్నా పెడుతుంది. పాత మైక్రోసాఫ్ట్ కంపైలర్లలో ముందు అండర్‌స్కోర్‌తో ఉండే దాని తోబుట్టువుకు మాత్రం ఈ హామీ లేదు. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 1998లో తెచ్చిన స్టర్‌ఎల్‌కాపీ, స్టర్‌ఎల్‌క్యాట్ కూడా మంచివే. అవి కూడా బఫర్ మొత్తం సైజునే అడుగుతాయి. లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలోకి అవి రావడానికి 2023 దాకా పట్టింది, కాబట్టి పాత సిస్టమ్‌ల మీద నడవాల్సిన కోడ్ అయితే ముందు చూసుకోండి.

ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ తిరిగిచ్చే సంఖ్యను చూడకుండా వదలకండి. అది రాసిన బైట్ల సంఖ్య కాదు, చోటు సరిపోయి ఉంటే రాయాల్సిన బైట్ల సంఖ్య. బఫర్ సైజుకు సమానంగానో ఎక్కువగానో వస్తే కోత పడినట్టు, మైనస్ వస్తే అసలే విఫలమైనట్టు. చాలామంది లూప్‌లో ఆ సంఖ్యను కూడుకుంటూ, తర్వాతి ముక్కను అక్కడి నుంచి రాస్తారు. 64 బైట్ల బఫర్‌లో 70 బైట్లు రాయాల్సి వచ్చిందనుకోండి. ఇప్పుడు మిగిలిన చోటు అంటే 64 లోంచి 70 తీయాలి. సైజులకు వాడే టైపులో మైనస్ ఉండదు, కాబట్టి 64 బిట్ సిస్టమ్‌లో జవాబు 18446744073709551610. తర్వాతి పిలుపు అంత చోటుందనుకుని, బఫర్ దాటిన అడ్రస్ నుంచి రాయడం మొదలుపెడుతుంది. భద్రమైన ఫంక్షన్ వాడుతున్నామన్న ధీమాతో రాసిన కోడ్‌లోనే ఇది దొరుకుతుంది. ప్రతి పిలుపు తర్వాత సరిపోయిందా లేదా చూసి, లేకపోతే లూప్ నుంచి బయటికి రండి. బయటి నుంచి వచ్చిన పాఠాన్ని ఎప్పుడూ ఫార్మాట్ స్థానంలో పెట్టకండి, ఫార్మాట్‌లో స్ట్రింగ్ చోటును చూపే పర్సెంట్ ఎస్‌కు విలువగా మాత్రమే ఇవ్వండి.

సరిపోకపోతే?

ఓవర్‌ఫ్లో, అంటే బఫర్ దాటి రాయడం, ఆగింది కదా, తోక కాస్త తెగితే ఏమవుతుంది అనుకునేవాళ్లున్నారు. లాగ్ లైన్ అయితే నిజంగానే ఏమీ కాదు, చివర మూడు చుక్కలు పెట్టి ముందుకు వెళ్లొచ్చు. ఫైలు పాత్ (ఫైలు ఎక్కడుందో చెప్పే దారి) అయితే వేరే కథ. యూజర్ ఫోల్డరులోని పాతవి అనే ఫోల్డరును తుడిచేయాలని పాత్ కట్టారు, బఫర్ చాలక చివరి ముక్క తెగిపోయింది. తుడిచేసే ఫంక్షన్‌కు చేరింది యూజర్ ఫోల్డరు మొత్తం. మెమరీ ఏమీ పాడవలేదు, ఏ టూలూ హెచ్చరించలేదు, డేటా మాత్రం పోయింది. పాత్, కమాండ్, వెబ్ అడ్రస్, డేటాబేస్ క్వెరీ, పాస్‌వర్డ్ లాంటివి తెగితే అది ఎర్రరే. పని ఆపి, పిలిచిన ఫంక్షన్‌కు చెప్పాలి. కమాండ్లను, క్వెరీలను అసలు స్ట్రింగులు అతికించి కట్టకపోవడం ఇంకా మంచిది. ఎందుకంటే అక్కడ చోటు సరిపోయినా, లోపల ఒక కోట్ గుర్తు పెట్టి అర్థం మార్చేయగలరు.

తెలుగు పాఠం కోసే దగ్గర ఇంకొంచెం ఆలోచించాలి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్‌పాయింట్ (అక్షరానికో గుర్తుకో ఇచ్చిన సంఖ్య) ఒక్కొక్కటి 3 బైట్లు. తెలుగు అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి 6 కోడ్‌పాయింట్లు, అంటే 18 బైట్లు, ముగింపు సున్నాతో 19. కంటికి మూడక్షరాలే కదా అని 10 బైట్ల బఫర్ పెడితే మాట సగంలోనే ఆగుతుంది. 9 బైట్ల దగ్గర తెగితే తె తర్వాత గుర్తు లేని ల మిగులుతుంది. 10 దగ్గర తెగితే చివరి బైటు ఏ అక్షరమూ కాదు, తెర మీద ప్రశ్నార్థకం ఉన్న డైమండో డబ్బానో వస్తుంది. కనీసం బైట్ల స్థాయిలో వెనక్కి రావడం తేలికే. కోత పెట్టబోయే చోట ఉన్న బైటు పై రెండు బిట్లు 1, 0 అయితే అది ఒక అక్షరం మధ్య భాగం, అలా కానిది తగిలేదాకా వెనక్కి జరగాలి. గుణింతాలు, వత్తులు విడిపోకుండా కోయాలంటే ఐసీయూ లాంటి యూనికోడ్ లైబ్రరీ కావాలి.

ఎన్ని ముక్కలో ముందే తెలియనప్పుడు స్థిరమైన బఫర్‌తో కుస్తీ పడొద్దు. అన్ని పొడవులూ కూడి, ఒకటి కలిపి, ఒక్కసారి మాలోక్ చేసి, బైట్లను కాపీ చేసే మెమ్‌కాపీతో వరుసగా పేర్చండి. ఎక్కడిదాకా రాశారో ఒక పాయింటర్‌లో పెట్టుకోండి. స్టర్‌క్యాట్ అయితే ప్రతిసారీ మొదటి నుంచి సున్నాను వెతుకుతుంది కాబట్టి వెయ్యి ముక్కలకు ఆ దండగ పని బాగా పెరుగుతుంది. పొడవులు బయటి నుంచి వచ్చేవైతే కూడికే హద్దు దాటి చిన్న సంఖ్యగా మారొచ్చు, కూడేటప్పుడు అదీ చూడాలి. తెచ్చుకున్న మెమరీ సైజు మార్చే రీఅలోక్ ఫలితాన్ని పాత పాయింటర్‌లోనే వేయకండి. మెమరీ దొరకక అది నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తే పాత మెమరీ అడ్రస్ కూడా చేజారిపోతుంది.

పని అయ్యాక జీసీసీ కంపైలర్‌లోనో క్లాంగ్‌లోనో హెచ్చరికలన్నీ ఆన్ చేసి కంపైల్ చేయండి, టెస్టులను మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో నడపండి. అలాంటిదే ఇంకో టూల్ వాల్‌గ్రైండ్ మెమ్‌చెక్ ఒక్కటే సరిపోదు, స్టాక్ మీది అర్రే దాటి రాస్తే అది మామూలుగా పట్టుకోదు. బఫర్ హద్దులు తనిఖీ చేసే ఫోర్టిఫై సోర్స్ పనిచేయాలంటే ఆప్టిమైజేషన్ కూడా ఆన్‌లో ఉండాలి. టెస్టుల్లో ఖాళీ స్ట్రింగ్ ఒకటి పెట్టండి. బఫర్ సైజు 64 అయితే కలిపిన పొడవు 62, 63, 64, 65 వచ్చేలా నాలుగు టెస్టులు రాయండి. 63 దాకా పూర్తిగా పట్టాలి, 64 నుంచి ఎర్రర్ రావాలి.