43 అంటే సంఖ్యా, ప్లస్సా? కాలిక్యులేటర్ స్టాక్‌లో రకాలు కలిపి పెట్టడం

మద్దిలపాలెంలో మా పక్క రూమ్‌లో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు మొన్న రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. "అన్నా, 2 + 5 ఇస్తే బాగానే వస్తోంది, 43 + 2 ఇస్తే ఏదో పిచ్చి జవాబు వస్తోంది" అన్నాడు. కాలిక్యులేటర్ ప్రోగ్రామ్ రాస్తున్నాడు. సీ భాషలో ఒకే ఇంట్ అరేని (పూర్ణ సంఖ్యల వరుసని) స్టాక్‌గా, అంటే చివర పెట్టింది ముందు బయటికొచ్చే దొంతరగా పెట్టుకుని సంఖ్యల్నీ గుర్తుల్నీ అందులోకే తోసేస్తున్నాడు, తీసేటప్పుడు 43 కనిపిస్తే ప్లస్ అనుకుంటున్నాడు, ఎందుకంటే ఆస్కీలో, అంటే ఒక్కో అక్షరానికీ గుర్తుకీ ఒక నంబరు ఇచ్చే పట్టికలో, ప్లస్ విలువ 43. మరి అసలు 43 వస్తే? స్టార్ 42, మైనస్ 45, స్లాష్ 47. బీచ్ రోడ్డులో 15 రూపాయల టీ మూడు తాగి లెక్క కడితే 45, అది కూడా మైనస్ అయిపోతుంది!

కాబట్టి విలువతో పాటు దాని రకం కూడా దాచాలి. ఒక స్ట్రక్ట్ (కొన్ని విలువల్ని కలిపి ఒక్కటిగా కట్టే మూట) రాయండి. అందులో మొదటిది ఈనమ్ (పేర్లు పెట్టిన విలువల జాబితా), దానికి రెండే పేర్లు: సంఖ్య, గుర్తు. రెండోది యూనియన్, అందులో ఒక డబుల్ (దశాంశ సంఖ్య), ఒక క్యార్ (ఒక్క అక్షరం లేదా గుర్తు). యూనియన్‌లో ఆ రెండూ ఒకే చోటు పంచుకుంటాయి, ఒక సమయంలో ఒకటే ఉంటుంది. మామూలు 64 బిట్ మెషీన్ మీద ఒక్కో గడి 16 బైట్లు అవుతుంది, వంద గడులకి 1600, మెమరీ గురించి టెన్షన్ పడకండి.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. లోపల ఉన్నది డబులా, క్యారా అన్నది యూనియన్ గుర్తుపెట్టుకోదు, తప్పుగా చదివినా కంపైలర్ ఏమీ అనదు, చెత్త విలువ వచ్చేస్తుంది అంతే. అందుకే పుష్ ఫంక్షన్లు, అంటే స్టాక్‌లోకి తోసేవి, రెండు రాయండి, సంఖ్యకి ఒకటి, గుర్తుకి ఒకటి, రకమూ విలువా రెండూ ఆ ఫంక్షన్ లోపలే పడాలి, బయట ఎక్కడా చేత్తో పెట్టకండి. పాప్ చేసేటప్పుడు, అంటే పైనుంచి తీసేటప్పుడు, ముందు స్టాక్ ఖాళీయా అని, తర్వాత రకం ఏమిటని చూసి, అప్పుడే విలువ తీయండి. వాయిడ్ పాయింటర్లు (ఏ రకం విలువ అడ్రస్‌నైనా దాచేవి) పెట్టమని ఎవరైనా చెబితే వద్దనే అంటాను. లూప్‌లో ఒకే వేరియబుల్ అడ్రస్ పదేపదే పుష్ చేసి, అన్ని గడుల్లోనూ చివరి విలువే కనిపించి తల పట్టుకునేవాళ్లే ఎక్కువ.

మైనస్, భాగహారం దగ్గర ముందు పాప్ అయ్యేది కుడివైపు సంఖ్య. 9 - 4లో ముందు 4 వస్తుంది, తర్వాత 9. తిరగేస్తే జవాబు -5.

నిజానికి బ్రాకెట్లతో రాసిన మామూలు లెక్కలే చేస్తారనుకుంటే నేనైతే రెండు స్టాకులు పెడతాను, సంఖ్యలకి డబుల్ స్టాక్, గుర్తులకి క్యార్ స్టాక్. డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1961లో రాసిన షంటింగ్ యార్డ్ పద్ధతి (ఏ గుర్తు ముందు చేయాలో చూసి లెక్క వరుస తేల్చేది) దీనికి చక్కగా సరిపోతుంది, కలిపి పెట్టే అవసరమే రాదు. తర్వాత వేరియబుల్ పేర్లూ స్ట్రింగులూ కూడా ఒకే స్టాక్‌లో కావాలంటే అప్పుడు పైన చెప్పిన స్ట్రక్ట్ తప్పదు. సీ ప్లస్ ప్లస్ 17 వాడేవాళ్లకి ఇదే పని చేసే వేరియంట్ రెడీగా ఉంది, తప్పు రకం అడిగితే ఎర్రర్ ఇస్తుంది.

అయ్యాక ఇవి ఇచ్చి చూడండి: 43 + 43కి 86 రావాలి, 3 * 15 - 45కి 0 రావాలి, ఒట్టి ప్లస్ ఒక్కటే ఇస్తే ప్రోగ్రామ్ కూలిపోకుండా తప్పు అని చెప్పాలి.