కత్తెర పట్టాక ఫోన్ మోగకుండా

బ్లౌజు ముక్క కట్ చేస్తుంటే ఫోన్ టింగుమంది. అటు చూశాను, ఇటు కత్తెర చంక రౌండ్ గీత దాటి అర అంగుళం లోపలికి పోయింది. కస్టమర్ పట్టుగుడ్డ! ఇంతకీ వచ్చిందేమిటంటే, అపార్ట్‌మెంట్ గ్రూపులో గుడ్ మార్నింగ్ గులాబీ.

ఆ మధ్యాహ్నమే సెట్టింగులు మార్చాను. నాది ఆండ్రాయిడ్, మీ ఫోన్లో పేర్లు కాస్త అటూఇటూ ఉండొచ్చు.

ముందు వాట్సాప్. గ్రూపు మీద వేలు అదిమిపెట్టి మ్యూట్ నొక్కితే 8 గంటలా, వారమా, ఎప్పటికీనా అని అడుగుతుంది. ఎప్పటికీ పెట్టేయండి, మొహమాటం వద్దు. అవతలివాళ్లకి తెలియదు.

షాపింగ్ యాప్‌ల గోలకి, నోటిఫికేషన్ వచ్చినప్పుడే దాన్ని అదిమిపట్టండి. మొత్తం ఆపక్కర్లేదు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచీ, యాప్ వాళ్లు రకాలు విడగొట్టి ఉంటే ఒక్కోటీ విడిగా ఆపొచ్చు. నేను ఆఫర్లు ఆపేసి డెలివరీ కబుర్లు ఉంచుకున్నాను.

అసలు మందు డూ నాట్ డిస్టర్బ్, ఫోన్‌ని మోగనివ్వని సెట్టింగు. షెడ్యూల్లో పొద్దున 10 నుంచి 1 దాకా, అంటే నా కటింగ్ వేళ, పెట్టాను. కాల్స్‌లో స్టార్ గుర్తున్న నంబర్లకే అనుమతి: అమ్మ, పిల్లాడి బడి. రిపీట్ కాలర్స్ కూడా ఆన్ చేయండి. 15 నిమిషాల్లోపు అదే నంబర్ నుంచి మళ్లీ కాల్ వస్తే మోగుతుంది. అంత అవసరం ఉన్నవాళ్లు ఎలాగూ రెండోసారి చేస్తారు.

ఆ పట్టు బ్లౌజుకి చంక కింద అతుకు వేసి ఇచ్చాను. ఆవిడ ఇంకా చూసుకున్నట్టు లేదు.