నీళ్లలో ఏమీ ముంచకుండా నీటి వడి కొలవడం ఎలా?

వరదలో తీగ కట్టి కరెంట్ మీటర్ (నీటి వడికి తిరిగే చక్రంతో కొలిచే పరికరం, విద్యుత్ మీటర్ కాదు) దింపితే, ముందు దానికి గుర్రపు డెక్క చుట్టుకుంటుంది, తర్వాత ఏ దుంగో తగిలి మీటరే కొట్టుకుపోతుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు పడవలే కొట్టుకొచ్చి గేట్లకు తగులుకున్నాయి, ఇక మీటర్ ఎంత! అందుకే వంతెన మీద నుంచే చూసే రాడార్.

పనిచేసేది డాప్లర్ సూత్రమే (కదిలే దానికి తగిలి తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యం మారుతుంది, ఆ తేడాను బట్టి వడి తెలుస్తుంది), రోడ్డు మీద స్పీడ్ గన్ లాంటిదే. కాకపోతే ఇక్కడ తరంగాన్ని వెనక్కి కొట్టేది నీటి మీది చిన్న అలలు. 24 గిగాహెర్ట్జ్ సెన్సర్‌కు సెంటీమీటరు లోపు అలలు చాలు, కానీ అవీ లేకపోతే, నీళ్లు అద్దంలా ఉంటే, దానికి ఏమీ కనపడదు.

నేర్చుకోడానికి కృష్ణ మీదకి వెళ్లకండి, బందరు కాలువ మీద ఏదైనా వంతెన చాలు. కాలువ తిన్నగా ఉన్న చోట, ఎగువ వైపు రెయిలింగ్ దగ్గర నిలబడి సెన్సర్‌ను ఎగువకే గురి పెట్టండి, ఎందుకంటే దిగువన స్తంభాల వల్ల సుడులు ఉంటాయి. పైగా ఎగువకు చూస్తే నీళ్లు మనవైపు వస్తాయి, పడే వాన చినుకులు సెన్సర్‌కు దూరంగా పోతాయి, కాబట్టి రెండూ కలవకుండా వడగట్టొచ్చు. కిందికి వంపు 45 డిగ్రీలు పెట్టండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: సెట్టింగులో 45 ఉంచి చేతిలో 50కి వంచితే వడి 9 శాతం తక్కువ చూపిస్తుంది. స్టాండు ఉంటే వాడండి, చేతిని నమ్మొద్దు.

కనీసం నిమిషం సేపు ఉంచి సగటు తీసుకోండి. ఆ తర్వాత గట్టు మీద 20 మీటర్లు కొలిచి, అదే నీటి పాయలో తేలిపోయే డెక్క ముక్కకు స్టాప్‌వాచ్ పట్టండి. 17 సెకన్లు పట్టిందంటే సెకనుకు దాదాపు 1.2 మీటర్లు. రాడార్ కూడా ఆ దగ్గర్లో చెప్పకపోతే ముందు వంపు చూసుకోండి.

కానీ ఇది పైనీటి వడి మాత్రమే. అడుగున నేల రాపిడికి నీళ్లు నెమ్మదిస్తాయి కాబట్టి మామూలుగా 0.85తో గుణిస్తారు, అంటే 1.2 కాస్తా 1.02 అవుతుంది. కాలువ అడ్డకోత (వెడల్పు, లోతుల లెక్క) 40 చదరపు మీటర్లు అనుకుంటే సెకనుకు 40.8 ఘనపు మీటర్లు, మన లెక్కలో సుమారు 1,440 క్యూసెక్కులు. గట్ల దగ్గర వడి తక్కువ, అందుకని వెడల్పును ఐదారు భాగాలు చేసి విడివిడిగా కొలిస్తేనే లెక్క సరిపోతుంది. లోతు మాత్రం రాడార్ చెప్పదు, అది ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు దిగి కొలిచి పెట్టుకోండి, ఆ పని వాయిదా వేస్తే మళ్లీ ఏడాది ఆగాలి.

గాలి సంగతి. బ్యారేజీ ఎగువన, గేట్లు మూసి ఉండగా ఈదురుగాలి రోజున ప్రయత్నించండి, నిలవ నీళ్ల మీద కూడా ఓ అంకె చూపిస్తుంది. అది కృష్ణమ్మ వడి కాదు, గాలి లేపిన అలలది.